అవ్వ బొమ్మ చెక్క ఎవరికి?

చేవెళ్ల గ్రామ నివాసి, పూర్వపు బడిపంతులు, పిల్లల బొమ్మల పుస్తకాలు అచ్చువేసి అమ్ముకునే దయానందం అనే నేను, అరవై ఎనిమిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసి పెడుతున్న వీలునామా ఇది. మనసు స్వస్థంగా ఉన్నదని రాయాలట. స్వస్థంగానే ఉన్నది, కానీ తికమకగా ఉన్నది. రెండూ ఒకటి కావని దవాఖాన డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. ఇంతకు ముందు రాసిన మూడు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. నాలుగోది ఎక్కడైనా ఉంటే అదీ రద్దు.

1. నేను ఉంటున్న ఇల్లు, పెరడుతో సహా, నా భార్య సరోజమ్మకు చెందవలసినది. ముప్పై ఏండ్లుగా ఆమె వంటింటి దండేనికి తడి అచ్చు కాగితాలు ఆరేసి, వాటి కింద వంగి నడుస్తూ వంట చేసింది. ఇక మీదట ఆ దండెం మీద చీరలే ఆరేసుకోవచ్చు.

2. చేతితో తిప్పే అచ్చు మిషను మా అన్న కొడుకు ప్రేమదాసుకు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే. బొమ్మల పుస్తకాలు చదువు కాదు, ఆట అని అతను నా ముఖం మీదే అన్నాడు. ఆ మాట నేను మరవలేదు. అయినా దాన్ని తిప్పడం ఇంకెవరికీ రాదు కనుక మిషను అతనికే.

3. నగరం నుంచి గండిపేట మీదుగా, వానల్లో కూడా తడవకుండా కాగితం కట్టలు తన బండి మీద తెచ్చిన భిక్షానికి నా కంబళి. అయితే సాక్షిగా ఉన్నవారికి వీలునామాలో ఏమీ రాయకూడదట, భిక్షమేమో సాక్షి. కంబళి ఇప్పుడే ఆయన భుజాన వేశాను. ఈ అంశం లెక్కలోకి రాదు.

4. నా ఓనమాల పుస్తకం మొదటి పేజీలో ‘అ’ కింద అవ్వ బొమ్మ ఉన్నది. మొయినాబాదులో ఏ ఇంట్లో చూసినా, బడిలో చూసినా ఆ అవ్వ తల మీద సిరా పూసి ఉంటుంది. మిగతా పేజీలు శుభ్రంగానే ఉంటాయి. ఇన్నేండ్లుగా ఈ పని చేస్తున్న తుంటరి ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, నా ఆస్తిలో చిల్లిగవ్వ కూడా ఆ పిల్లవాడికి చెందకూడదు.

5. ఇక ఆ అవ్వ బొమ్మను చెక్కిన టేకు చెక్క. ఇది ఎవరికి రాయాలో తేలకనే మూడు వీలునామాలు చింపాను.

నా బొమ్మలన్నీ చెక్కింది మొయినాబాదు మారయ్య. ఆయన బడికి పోలేదు, అక్షరాలు చెక్కుతూ చెక్కుతూనే నేర్చుకున్నాడు. 1933లో ‘అ’ పేజీకి అవ్వ బొమ్మ కావాలంటే, అంతకు మూడేండ్ల ముందు పురిట్లో పోయిన తన భార్య బీరమ్మ ముఖం చెక్కి తెచ్చాడు. ఆమెకు ఫోటో అంటూ లేదు. ఆమె ముఖం మిగిలింది ఈ చెక్క మీదనే.

మన దిక్కు అవ్వ అంటే కన్నతల్లి. నమూనా కాగితం చూసిన బెజవాడ పుస్తకాల వర్తకుడు మాత్రం, అవ్వ అని రాసి పడుచుపిల్లను వేశారేమిటి, ముసలామెను వేయండి అని ఉత్తరం రాశాడు. మాట మారుద్దామంటే అక్షరాలూ బొమ్మా ఒకే చెక్క మీద ఉన్నాయి, మళ్లీ మొత్తం చెక్కాలి. జుట్టు మార్చడానికి అరగంట చాలు. చెక్క మీద ఎత్తుగా ఉన్నదే నల్లగా పడుతుంది, దాన్ని గీకితే తెల్లబడుతుంది. మారయ్యను అడగకుండా నా చేత్తోనే ఉలి పట్టి జుట్టు గీకేశాను. ముఖానికి ముడతలు పెట్టడం నాకు చేతకాలేదు. కాబట్టి ఆ పేజీలో పడుచు ముఖం, తెల్లజుట్టు ఉన్న ఒక మనిషి ఉన్నది. ఆమె కన్నతల్లో ముసలామో పన్నెండేండ్లుగా నాకే తెలియదు.

అది చూసి మారయ్య అన్న మాట ఇది: “ఇరవై రెండేండ్లకు పోయిన మనిషి, పంతులూ. దాన్ని ముసలిదాన్ని జేసినవ్.” తర్వాత నాతో మాట్లాడలేదు. నా పనికి ఉలి పట్టలేదు. గీకిన కట్టె మళ్లీ అతకదు. తప్పు మాటది కాదు, బెజవాడ ఆయనదీ కాదు, నాదే.

ఆ చెక్క మారయ్యకు చెందవలసినది. కాదు, అది చూస్తే ఆయనకు పుండు మీద కారం చల్లినట్టే. ప్రేమదాసుకు. కాదు, అతను దాన్ని అట్లాగే అచ్చువేస్తూ పోతాడు. నా సమాధిలో పెట్టండి. అదీ కాదు, ఆమె నాకేమవుతుందని? ఇక్కడికి వచ్చి కలం కింద పెట్టాను.

6. అదే రోజు సాయంత్రం. రెండో సాక్షిగా రమ్మని మారయ్యకు కబురు పెట్టాను కానీ వస్తాడనుకోలేదు. ఆయన కూతురు కరుణమ్మ, పదిహేనేండ్ల పిల్ల, ఆయనను వెంటబెట్టుకొని వచ్చింది. మారయ్య గడప దగ్గర నిలబడ్డాడు. కరుణమ్మ నా బల్ల మీది ఓనమాల పుస్తకం తెరిచి, నా కలమే సిరాలో ముంచి, నేను చూస్తుండగానే మొదటి పేజీలోని జుట్టు నల్లగా దిద్దింది. దొరికిన ప్రతి పుస్తకంలోనూ చిన్నప్పటి నుంచి అట్లాగే దిద్దుతున్నదట. కోపమేమీ లేకుండా అన్నది: “మా అవ్వకు తెల్లెంటికలు లేవు గద, పంతులు తాతా.”

నాకు ఏడుపు వచ్చింది. సాక్షుల ఎదుట వచ్చింది కనుక రాస్తున్నాను.

నాలుగో అంశం పూర్తిగా రద్దు. అవ్వ బొమ్మ చెక్క, అటక మీద మిగిలిన ఓనమాల పుస్తకాలన్నీ, నా కలం, సిరా బుడ్డి కరుణమ్మకు చెందవలసినవి. మిషను ప్రేమదాసుదే అయినా, ఆ పేజీ మళ్లీ అచ్చువేయాలంటే ముందు కరుణమ్మను అడగాలి. నేను ఎవరినీ అడగలేదు.

ఇదంతా మారయ్యకు చదివి వినిపించాను. ఆయన గడప దాటాడు. బల్ల దగ్గరికి వచ్చి కలం తీసుకున్నాడు.

చేవెళ్ల, ఫసలీ 1354. ఇంగ్లీషు తేదీ 1945 మార్చి 11, ఆదివారం.

(సంతకం) దయానందం

సాక్షులు:
1. భిక్షం, బండి తోలువాడు. వేలిముద్ర.
2. మారయ్య, మొయినాబాదు. సంతకం.

మారయ్య సంతకం కుడి నుంచి ఎడమకు తిరగబడి ఉన్నదని కచేరీలో ఎవరూ కొట్టివేయకూడదు. ఆయనకు అక్షరాలు అచ్చు కోసం చెక్క మీద తిరగేసి చెక్కినట్టే వచ్చు. అద్దం ముందు పెట్టి చూడండి, సరిగ్గానే ఉంటుంది.