అల్లుడుగారికి అంకె లేదు

పన్నెండో తేదీ, గురువారం

గౌరవనీయులైన బావగారికి,

మర్యాదకు లోటు రాకుండా మీ మరదలు నమస్కరించి రాయునది. మీ నడుము నొప్పి తగ్గిందని తలుస్తాను. కొండ దిగేటప్పుడు మీరు బెంగపడింది దాని గురించి ఒక్కటే కదా.

సూటిగా చెబుతాను. గుహ దగ్గర సందర్శకుల పుస్తకంలో మీరు రాసిన ఫిర్యాదు మీద ఇరవయ్యో తేదీన మేనేజరుగారు విచారణ పెట్టారు. నాన్నను గైడు పనిలో ఉంచాలో తీసెయ్యాలో ఆ రోజు తేలుస్తారు. అందుకే ఇప్పుడు రాయక తప్పడం లేదు. ఇంటికి రాస్తే అక్కకు మీరే చదివి వినిపించాలి. ఆ కష్టం మీకెందుకని ఆఫీసు చిరునామాకు పంపుతున్నాను. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఆ చదువు ఇలాంటి ఉత్తరానికి పనికొస్తుందనుకోలేదు.

ఆ ఆదివారం మీరు ఆఫీసు స్నేహితులు ఏడుగురితో వచ్చారు. నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని గంట ముందే బస్సు దగ్గర నిలబడ్డారు. ఆయన్ని చూపించి, ‘ఈయన ఇక్కడ మనకు తెలిసిన మనిషి’ అన్నారు మీరు. నిజమే, పిల్లనిచ్చిన మామ తెలియకుండా ఎలా ఉంటారు? నేను నోరు తెరవబోతే నాన్న కళ్లతోనే వద్దన్నారు. మీ సంచీ, ఇంకొకరి సంచీ భుజాలకు తగిలించుకుని ముందు నడిచారు.

కొండదారి గంటన్నర నడక. గులకరాళ్లు కాలి కింద జారుతుంటాయి. ప్రతి మలుపులోనూ మీరు ‘ఆహా, ఏం ప్రకృతి!’ అంటూ కూలబడ్డారు. ప్రకృతిని చూడ్డానికి అంత రొప్పాలని నాకు ఆ రోజే తెలిసింది.

గుహలోకి దిగేముందు ఒక్కొక్కరికీ ఒక అంకె ఇవ్వడం నాన్న పద్ధతి. మలుపు తిరిగినప్పుడల్లా ఆయన ‘లెక్క!’ అని కేకేస్తారు, ఎవరి అంకె వాళ్లు పలకాలి. అక్షరం రాని ఆ మనిషి ఇరవై ఆరేళ్లలో ఒక్కరినీ లోపల మరిచి రాలేదు. మీకు ఎనిమిది ఇవ్వబోతే, ‘అంకె పెట్టి పిలవడానికి నేనేమన్నా ఖైదీనా?’ అన్నారు. మీవాళ్లు నవ్వారు. నాన్న తలూపి ఊరుకున్నారు. అల్లుడికి ఎదురు చెప్పలేకపోవడం ఆయన తప్పే. అది ఒప్పుకుంటాను.

నన్ను పైన సంచులకు కాపలా పెట్టారు కనుక, తర్వాతి సంగతి మీ బట్టతల స్నేహితుడు చెప్పగా విన్నాను. మీరు ఫొటో కోసం పక్క సందులోకి దూరారట. తర్వాతి మలుపులో నాన్న లెక్క అడిగితే ఒకటి నుంచి ఏడు దాకా పలికాయి. లెక్క సరిపోయింది! కాసేపటికి మీరు లేరని ఎవరో గుర్తుపడితే, అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి నాన్న వెనక్కి వచ్చారు. చీకట్లో మిమ్మల్ని ఏమని పిలవాలి? అంకె వద్దన్నారు. అల్లుడుగారూ అంటే మీ పరువు పోతుంది. పాపం, పెళ్లాం మొగుణ్ణి పిలిచినట్టు ‘ఏమండీ, ఏమండీ’ అంటూ అరగంట పాకారు. ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని మీరు పలకలేదట. తీరా మీ టార్చి ఆరిపోయాక, ‘మావయ్యగారూ! ఓ మావయ్యగారూ!’ అని గుహంతా మార్మోగిందట. ‘మావాడికి లోపల మావయ్య దొరికాడమ్మా’ అని ఆ బట్టతలాయన పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వుకే కదా మీకు ఒళ్లు మండింది? పైకి రాగానే పుస్తకం అడిగి, ‘ముసలి గైడుకు లెక్క రాదు, వట్టి నిర్లక్ష్యం, వెంటనే తొలగించాలి’ అని రాశారు. నిర్లక్ష్యం అన్న మాటను కూడా నిర్లక్ష్యంగానే రాశారు. క కింద ష వత్తు పెట్టడం మరిచారు. మోకాళ్లు చెక్కుకుపోయిన మనిషి మీ పక్కనే నిలబడి, మీరు రాయడానికి వీలుగా పుస్తకం పట్టుకున్నారు.

మర్నాడు నాన్న ఆ పుస్తకం తెచ్చి, ‘అల్లుడుగారు ఏం రాశారో చదవమ్మా’ అన్నారు. ‘ఇంత మంచి గైడును నేనెక్కడా చూడలేదు’ అని చదివాను. తెలిసి తెలిసి తప్పు చదవడం నాకదే మొదలు.

మీరు చెయ్యాల్సింది చాలా చిన్న పని. అంకె వద్దన్నది మీరేనని మేనేజరుగారికి రెండు వాక్యాలు రాయండి. దానికి ధైర్యం అక్కర్లేదు, సిగ్గుంటే చాలు.

ఇట్లు,
మీ ‘తెలిసిన మనిషి’ చిన్న కూతురు

తా.క.: ఉత్తరం మడుస్తుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. మీరు రాసింది ఆ రోజే టికెట్ల గుమాస్తా చేత చదివించుకున్నారట. మరి నన్నెందుకు చదవమన్నావు నాన్నా అంటే, ‘ఆయన చదివింది బాగోలేదమ్మా, నువ్వన్నా బాగా చదువుతావని’ అన్నారు. ఆ తర్వాత మేనేజరుగారికి అర్జీ రాయమన్నారు. తప్పంతా నాదే, నాకు చూపు ఆనడం లేదు, నన్ను తీసెయ్యండి అని. నాకు చెయ్యి రాలేదు. ‘రాయి తల్లీ. అల్లుడు అబద్ధం రాశాడని పదిమందిలో తేలితే మీ అక్క ఆ ఇంట్లో ఎలా తిరుగుతుంది?’ అన్నారు. రాశాను. ఆయన వేలిముద్ర వేశారు. ఇచ్చేశానని ఆయనతో చెప్పాను గానీ, ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. పద్దెనిమిదో తేదీ సాయంత్రం దాకా ఇవ్వను. మేనేజరుగారికి ఆ రెండు వాక్యాలు రాస్తారో లేదో ఆలోగా నాకు జవాబు రాయండి.