కాయ విప్పి చూడమన్నాను

రుద్రవరం,
2-9-1957

ప్రియమైన సంజీవన్నకు,

ఈ కవరులో మా వేరుశెనగ చేలోని ఆకు ఒకటి పెట్టాను. మీ నంద్యాల వ్యవసాయ ఫారంలో తెలిసినవాళ్ళకు చూపించు. మినపగింజంత నల్లమచ్చలు, చుట్టూ పసుపు గీత. కింది ఆకులకు మొదలై పైకి పాకుతున్నాయి.

పోయిన ఏడాది సంగతి నీకు రాయలేదు. కొత్తకోడలినని మొదటి గింజ నా చేతే వేయించారు. ఇవే మచ్చలొచ్చి, దసరా ముందే ఆకు రాలింది. మామ "ఆకు రాలిందంటే కాయ ముదిరినట్టే, పీకండి" అన్నాడు. పీకి ఒలిస్తే లోపల ముడుచుకుపోయిన పప్పు. తప్పు నా చేతిదయింది. ఈసారి విత్తే రోజున అత్త అందరి ముందూ, "నువ్వు గట్టు మీదే ఉండమ్మా, గింజ ముట్టుకోవద్దు" అంది. నవ్వి ఊరుకున్నాను. ఆ పూట అన్నం తినలేదు.

నేను ముట్టని చేలోనూ మచ్చలొచ్చాయి. అందుకే రాస్తున్నాను. జబ్బేమిటో, మందేమిటో కనుక్కో.

నీ చెల్లెలు,
కమలాక్షి

రుద్రవరం,
6-10-1957

అన్నకు,

నువ్వు పంపిన గంధకం పొడి, చీటీ అందాయి. ఇది టిక్కా తెగులని, పాత చేలో మిగిలిన ఆకుల నుంచే లేచి వస్తుందని మామకు చదివి వినిపించాను.

"ఆ ఫారమోళ్ళు ఎప్పుడన్నా మడక పట్టి దున్నినారా?"

"పట్టకపోతే పోనీ మామా. గట్టు పక్క నాలుగు చాళ్ళు నాకిడువు."

"నాలుగేంది, ఎనిమిది తీస్కో. అవీ పోతే మీ అన్నను రమ్మను, ఈడ ఆకులు ఏరతాడు."

మా ఆయన నవ్వాడు గానీ, తెల్లారి పాత పంచె చించి పొడిమూట కట్టిచ్చాడు. మంచు ఆరకముందే ఆకుల మీద దులిపాను. పదిహేను రోజులకు మళ్ళీ దులిపాను. మచ్చపడిన ఆకు బాగుపడలేదు. కొత్త ఆకుకు మాత్రం మచ్చ రాలేదు.

మిగతా చేలో కింది ఆకంతా రాలింది. నిన్న మామ పీకడానికి కూలీలను పిలిచాడు. అడ్డం నిలబడి, ఒక చెట్టు పీకి కాయ విప్పాను.

"పెంకు లోపల ఇంకా తెల్లగుంది మామా. ముదిరితే నల్లబడాల."

"మామకే ఎదురు చెప్తాండావా?" అని అత్త అరిచింది.

"కాయ చూడమంటాండా అత్తా."

మామ ఇంకో పది కాయలు విప్పాడు. అవీ అంతే. కూలీలను పంపేశాడు. ఈసారీ పంట పోతే నన్ను పుట్టింటికి పంపుతానని అత్త తెగేసి చెప్పింది. నేను రాను. మిగతా చేనుకు కూడా పొడి పంపు.

కమలాక్షి

రుద్రవరం,
10-11-1957

సంజీవయ్యకు కమలాక్షి మామ పుల్లయ్య చెప్పి రాయించేది.

నాకు అక్షరం ముక్క రాదు. నీ చెల్లెలే రాస్తాంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నా. కాయ పీకినాము. ఆ ఎనిమిది చాళ్ళ కాయ గట్టిది. మిగతాది అంత లేదు గానీ, పోయినేటి మాదిరి పొల్లు కాదు. రాలిన ఆకంతా ఊడ్చి కాల్చినాము. వచ్చే ఏడు ఆ చేన్లో వేరుశెనగ బుడ్డలొద్దు, కొర్ర ఏస్తాం. మొదటి గింజ కోడలే ఏస్తాది.

ఈ మాట కాడ నీ చెల్లెలు కలం ఆపింది. రాయమ్మా అంటే, అత్త చెప్తేనే రాస్తానంటాంది. మా ఈశ్వరమ్మ వాకిట్లో కాయలు ఎండబోస్తాంది. ఇంకో చేట కాయలు పరిసింది. కడాకు, తల ఎత్తకుండానే, "రాయమను. విత్తనాల గంప నేను మోస్తా" అనింది.

ఇప్పుడు రాస్తాంది.

పుల్లయ్య వేలిముద్ర