అమ్మ చేతికి నూలు

అన్నయ్యా,

చౌడేశ్వరత్తతో కంకిపాడు వెళ్తున్నాను. అక్కడైనా నూలు దొరుకుతుందేమో చూస్తాం. ఉట్టి మీద చద్దన్నం ఉంది, అమ్మ తిన్నాకే నువ్వు తిను.

బర్మా యుద్ధంలోకి వెళ్లిన నాన్న దగ్గర్నుంచి ఉత్తరం రాక ఏడాదైంది. నూలు లేక మగ్గం ఆగితే చాలు, అమ్మ వీధి గుమ్మంలో కూర్చుంటోంది. పోస్టుమాన్ వచ్చి వెళ్లిపోయినా లోపలికి రావడం లేదు. అందుకే నా పాత ఓణీ పోగులు విప్పి బుట్టలో పెట్టాను. నేత కండెలకు చుట్టమని అమ్మకు ఇవ్వు. "ఈ చింకిపోగులతో ఏం నేస్తారే, చీమలకు చీరలా?" అని మొన్నటిలా ఎగతాళి చెయ్యకు. అమ్మ వింటుంది.

శివపార్వతి

మరిచాను. నాన్న వచ్చాక కట్టుకుంటాడని అమ్మ పెట్టెలో దాచిన పంచె మంచం మీద ఉంది. "ఇదీ విప్పవే, ఇంకెవరు కడతారు" అని పొద్దున తనే తెచ్చిచ్చింది. నా వల్ల కాలేదు. నువ్వు విప్పు.