సగంలో ఆగిన నీలం స్వెటర్

అక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. మణుగూరులో మళ్లీ చలి మొదలైంది. నీ మనవడికని నువ్వు అల్లుతూ సగంలో ఆపిన నీలం స్వెటర్ సూదులతో సహా నా దగ్గరే ఉంది. దాన్ని పూర్తి చేయడం నా వల్ల కాలేదు. చిన్నప్పుడు నీ ఎదురుగా కూర్చుని, నీ చేతులు ఎటు కదిలితే అటే నావీ కదిలిస్తూ నేర్చుకున్నాను కదా, అద్దంలో బొమ్మలా నాకు ఎడమచేతి అల్లికే అబ్బింది, నీ కుడిచేతి కుట్లతో అది కలవదు. "ఉల్టా నేర్చుకున్నవ్ గదనే," అని నవ్వేదానివి.

మొన్న నీ కూతురు లావణ్య ఖమ్మం నుంచి వచ్చింది. స్వెటర్‌ను ఒళ్లోకి తీసుకుంది.

"నాకు నేర్పు చిన్నమ్మా, నేనే పూర్తి చేస్త," అంది.

"నాది ఎడమచేతి వాటం బిడ్డా, నీకు పనికిరాదు," అన్నాను.

వినలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నేను నా సూదులు, దారం తీశాను. నా చేతులు ఎటు కదిలితే అటే తనవీ కదిలించింది. కుట్లు జారాయి, విప్పింది, మళ్లీ అల్లింది. సాయంత్రానికి చెయ్యి కుదిరింది. అప్పుడు తలెత్తి చూశాను. కుడిచేత్తో అల్లుతోంది. దారం వేలికి చుట్టుకోవడం, సూది దించడం, అంతా నీలాగే. నా చేతులు ఆగిపోయాయి.

"ఏంది చిన్నమ్మా, తప్పు పోయిందా?" అంది.

"లేదు, అల్లు," అన్నాను.

ఈ పొద్దున స్వెటర్ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. ఇల్లంతా సర్దాను. ఎదురుగా వేసిన ఆ కుర్చీని మాత్రం ఇంకా గోడవారకు జరపలేదు.

నీ చెల్లెలు