ఎడమచేతి ముద్ద

బందరు, మంగళవారం

ఎడమచేత్తో తినడం మొదలుపెట్టి పన్నెండు రోజులైంది. పప్పన్నం ఇంకా సగం కంచంలోనే జారిపోతోంది.

మధ్యాహ్నం పెడన నుంచి అక్కయ్య వచ్చేసరికి తింటున్నాను. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదేంట్రా, ఎడంచేత్తో అన్నం? కుడిచేతికేమొచ్చింది?"

"నొప్పిగా ఉందక్కయ్యా."

"అయితే ఇటు తే. నేను కలిపి పెడతాను."

కంచం అందుకోబోయింది. నేను వదల్లేదు.

పక్షవాతంతో నా భార్య సుశీల కుడిచెయ్యి పడిపోయినప్పుడు తనూ ఇలాగే ఎడమచేత్తో తినబోయింది. ఎవరైనా చూస్తే బాగుండదని నేనే కంచం లాక్కుని తినిపించాను. పోయేదాకా, ఎనిమిది నెలలు. మీకెంత ఓపికండీ అన్నారు అందరూ. నిజానికి తను మెతుకు మెతుకూ ఏరుకుంటుంటే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాలేదు. నేను పెడితే పది నిమిషాల్లో అయిపోయేది.

ఒకరోజు తనూ కంచం వదల్లేదు. "నన్ను తిననివ్వండి" అంది, ముద్దముద్దగా. "కాలేజీకి టైమవుతోంది" అన్నాను. కంచం తనే వదిలేసింది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. అడిగితే ఇచ్చేవాడినా అని ఈ పన్నెండు రోజులూ ఆలోచిస్తున్నాను. ఇచ్చేవాడినని చెప్పుకోలేకపోతున్నాను.

ఇదేమీ అక్కయ్యకి చెప్పలేదు. నా ముఖం చూసి ఏమనుకుందో, కంచం వదిలేసి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నేను మజ్జిగన్నం ముగించడానికి అరగంట పైనే పట్టింది. అక్కయ్య ఒక్కసారీ గడియారం వైపు చూడలేదు.

సుశీల అడిగిందీ అంతే.