పాప చేతిలో పెట్టిన పౌండ్లు

ఆదివారం రాత్రి, సిద్దిపేట

చిన్న సంపాదనకు లెక్క ఎందుకనే నువ్వే పెద్ద దొంగలకు దారి చూపిస్తున్నావు!

ఈ మాటే ఇవాళ లండన్‌లో ఉన్న మేనకోడలు లతకు ఫోన్లో చెప్పాను. ఉద్యోగం చేస్తూనే సకినాలు అమ్ముతోంది. ఖర్చులు తీయకముందే ఏడాది అమ్మకం వెయ్యి పౌండ్లు దాటితే, అక్కడ పన్ను శాఖలో నమోదు కావాలి. దాటింది.

"అమ్ముడేడిది మామా? పైసలు నేను ముట్టలే. సకినాలు తీస్కపోయేటోళ్లు పోయేటప్పుడు మా పాప చేతిల పెడ్తరు, గంతే!"

నా పక్కనే ఉన్న అక్క, లత వాళ్లమ్మ, అందుకుంది. "ఆశీర్వాదానికి గూడ పన్నా తమ్మీ?"

"ఆశీర్వాదానికి డబ్బాకింతని వాట్సాప్ గ్రూపుల రేటెట్ల పెట్టిందే?"

ముగ్గురం పడీ పడీ నవ్వాం. లత ఒప్పుకుంది. కానీ వాయిదా వేసి జరిమానా తెచ్చుకుంటుందేమో...

నా డిమాండ్లు:
లత రేపే నమోదు కావాలి.
అక్కడి సర్కారు పెద్ద కంపెనీలనూ ఇట్లాగే లెక్క అడగాలి.
పాప చేతిలో ఇక చాక్లెట్లే పెట్టాలి.
నాకో డబ్బా సకినాలు రావాలి, ఉచితంగా.