నాయిన అడిగిన మాట

శుక్రవారం రాత్రి, లాక్‌డౌన్

మూడు రాత్రులుగా నాకు నిద్ర లేదు. అయినా అలసటే లేదు, నా భయమంతా అదే. నిన్న కాజీపల్లిలోని మా మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తోమిన గిన్నెలనే తెల్లవారేదాకా మళ్లీ తోమాను.

నాయినకు బైపోలార్, కొన్నాళ్లు నిద్రే అక్కర్లేనంత హుషారు, కొన్నాళ్లు లేవలేనంత దిగులు తెచ్చే మనసు జబ్బు. కరోనా మొదలైనప్పుడు ఆయన ఏమైపోతాడో అని వణికిపోయాను. ఆయన మాత్రం రోజూ తొమ్మిదింటికి మాత్ర వేసుకుని, లైటు తీసేసి పడుకుంటున్నాడు. తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువని, వచ్చి తీరాలని మాత్రం లేదని ఆయనను చూసే డాక్టరమ్మ చెప్పింది. ఫ్యాక్టరీలో ఒక్క మాత్ర తేడా వచ్చినా బ్యాచ్ మొత్తం ఆపేస్తాం. నేనూ ఆయన బ్యాచే కదా...

ఇంటర్ చదివే రోజుల నుంచీ పొద్దున లేవగానే నాయినను నేను అడిగేది ఒక్కటే, నిద్ర పట్టిందా అని. ఈ పొద్దున అడగడం మరిచిపోయాను. ఆయనే గిన్నెల వైపు, నా వైపు చూసి అడిగాడు.

"బిడ్డా, నిద్ర పట్టిందా?"

"మంచిగనే పట్టింది నాయినా."

అబద్ధమని ఆయనకు తెలుసు. బాగా లేని రోజుల్లో ఆయన కూడా నాకు అచ్చం ఇదే మాట చెప్పేవాడు.